ఎగ్జిబిషన్‌లో చేతి తయారీ సరుకు: చేసినవాళ్లను ఎలా గుర్తుపట్టాలి?

పోయినేడు హైదరాబాద్ నుమాయిష్‌లో కొన్న తేనె, మామిడి తాండ్ర, 'కొత్తావకాయ' మూడూ ఇంటికొచ్చాక ఉసూరుమనిపించాయని రాశారు. ఈ జనవరిలో నుమాయిష్‌తో పాటు, స్వయం సహాయక సంఘాల మహిళలు సరుకు తెచ్చి అమ్మే సరస్ మేళాకి కూడా వెళ్దామనుకుంటున్నారు. వందల స్టాళ్ల మధ్య, ఊళ్లలో నిజంగా చేత్తో చేసేవాళ్ల సరుకును ఎలా కనిపెట్టాలి, నచ్చితే తర్వాత ఎలా తెప్పించుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా చిన్న దుకాణం నడుపుతున్నాను. పచ్చళ్లు, పొడులు, బెల్లం, గానుగ నూనె, చిరుధాన్యాలు, పిండివంటలు అమ్ముతాం. నాకు సరుకు పంపే ఇళ్లలో ఎక్కువ మంది మొదట ఇలాంటి ఎగ్జిబిషన్లలోనే పరిచయమయ్యారు. అందుకే నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. జవాబు కాస్త పెద్దదే అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. స్టాల్ ముందు నిలబడి "ఇది ప్యూరేనా? కల్తీ లేదు కదా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెబుతారు. దాని బదులు "ఇది ఎలా పాడవుతుందండీ?" అని అడగండి. తెచ్చి అమ్మేవాళ్లకు ఈ ప్రశ్న నచ్చదు. "మాది ఏమీ కాదు సార్, రెండేళ్లయినా అలాగే ఉంటుంది" అంటారు. చేసినవాళ్లు మాత్రం వెంటనే మాటల్లో పడిపోతారు. ఎందుకంటే పాడైన ప్రతిసారీ నష్టపోయింది వాళ్లే. ఉప్పు ఎక్కడ తగ్గింది, తడి ఎలా తగిలింది, ఏ వానకి ఏం జరిగింది అన్నీ వాళ్లకు గుర్తుంటాయి.

ఏడెనిమిదేళ్ల క్రితం ఒక సరస్ మేళాలో ఒక పెద్దావిడ చింతకాయ పచ్చడి పెట్టుకుని కూర్చుంది. బల్ల మీద ఆరు సీసాలే ఉన్నాయి. పక్క స్టాల్ రంగురంగుల డబ్బాలతో నిండిపోయి ఉండటంతో జనం అటే వెళ్తున్నారు. "ఇది ఎలా పాడవుద్దమ్మా?" అని అడిగాను. ఆమె ఒక సీసా తీసి వెలుతురుకి ఎత్తి, గాజు అంచు దగ్గర గోటితో చూపించింది. "ఇదుగో, ఇక్కడ మొదలవుద్ది. ఉప్పు చాలకపోతే పైన తెల్లగా పొర కడుద్ది. కాయ కడిగాక తడారకుండా దంచినా అంతే. మొన్న కార్తీకంలో ముసురు పట్టి జాడీ జాడీ పారబోశాం" అంది. ఆ బొటనవేలి గోరు నిండా పసుపు పట్టి ఉంది. పసుపూ ఉప్పూ వేసి దంచిన తొక్కును మూడో రోజు తీసి, గింజా ఈనే ఏరి మళ్లీ దంచడం గురించి పావుగంట చెప్పింది. గింజ గట్టిపడ్డ కాయ ఎందుకు పనికిరాదో చెప్పింది. ఆరు సీసాలూ కొనేశాను. ఆవిడ పచ్చడి ఈ రోజుకీ మా దుకాణంలో ఉంది.

ఈ ప్రశ్న నేను ఊరికే నేర్చుకోలేదు. దుకాణం పెట్టిన మొదటి ఏడాది ఒక ఎగ్జిబిషన్‌లో గోదావరి జిల్లాల ఊరి పేరున్న బోర్డు చూసి, అక్కడి మనిషి మర్యాదగా మాట్లాడాడని ముప్పై కిలోల మామిడి తాండ్ర కొన్నాను. నెల తిరక్కుండా అది జిగురుగా సాగడం మొదలైంది. ముక్క పట్టుకుంటే వేళ్లకు నారింజ రంగు అంటింది. ఫోన్ చేస్తే ఆయన చాలా మామూలుగా "నేను హోల్‌సేల్‌లో తెస్తాను కదండీ, వాళ్లు ఎలా చేశారో నాకేం తెలుసు" అన్నాడు. ఆయన అబద్ధం కూడా చెప్పలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బోర్డు మీద ఊరి పేరు చూసి మిగతాదంతా నేనే ఊహించుకున్నాను. ఆ సరుకంతా పారేశాను. అప్పుడు ఆ డబ్బు నాకు చిన్న మొత్తం కాదు.

అసలు తాండ్ర ఎలా ఉంటుందో కూడా చెబుతాను, మీరు దెబ్బతిన్నదీ దానితోనే కదా. మామిడిపండ్ల రసాన్ని చాప మీద పలచగా పోసి ఎండబెడతారు. అది ఆరాక దాని మీద ఇంకో పొర, మళ్లీ ఎండ. రోజుకింత చొప్పున పొర మీద పొర పోస్తూ పోతారు. అందుకని ముక్కను కోసిన అంచు వైపు నుంచి చూడండి. పుస్తకం కాగితాల్లా సన్నని గీతలు కనిపించాలి, పొరలు కాస్త హెచ్చుతగ్గుగా ఉండాలి. అడుగు వైపు చాప అల్లిక అచ్చు చాలాసార్లు కనిపిస్తుంది. ఇంకొకటి, తాండ్ర ఎండాకాలంలో తయారవుతుంది. జనవరికి అది ఏడెనిమిది నెలల సరుకు. రంగు కలపని తాండ్ర ఆపాటికి ముదురు గోధుమ రంగుకి తిరిగి ఉండాలి. జనవరిలో కూడా నారింజపండులా మెరుస్తోందంటే దాంట్లో మామిడి కాక ఇంకేదో ఉన్నట్టే.

దీని నుంచే నా రెండో సూత్రం వచ్చింది. ప్రతి సరుకుకీ ఒక నెల ఉంటుంది. అదేమిటో తెలుసుకుని వెళ్లండి. జనవరిలో 'కొత్తావకాయ' కొన్నానని మీరు రాశారు. మామిడికాయ కోసేది వేసవిలో. జనవరిలో కొత్తావకాయ ఎక్కడి నుంచి వస్తుంది? అప్పటికి దొరికేది పోయిన వేసవిలో పెట్టిన ఆవకాయే. అది తప్పేమీ కాదు. బాగా పెట్టినదైతే అప్పటికి ఊరి ఇంకా బాగుంటుంది. కానీ అమ్మేవాళ్లు దాన్ని 'పాతది' అని ధైర్యంగా చెప్పాలి, ముక్క ఇంకా గట్టిగా ఉండాలి. ముక్కకి టెంక అంటుకుని ఉందా చూడండి. టెంక లేని ముక్క నాలుగు నెలలకే మెత్తబడుతుంది. ఏ కాయతో పెట్టారని అడగండి. కొత్తపల్లి కొబ్బరి, జలాలు అంటూ పేరు చెప్పి, ఆ కాయ ఎందుకో కూడా చెప్పారంటే మీరు సరైన స్టాల్ ముందు ఉన్నట్టు.

నుమాయిష్ జనవరి 1న మొదలై సుమారు నెలన్నర నడుస్తుంది. ఆ రోజుల్లో అసలు కొనాల్సిన పచ్చళ్లు ఉసిరికాయ, చింతకాయ, పండుమిరపకాయ. ఉసిరి కార్తీకంలో వస్తుంది, చింతకాయ కాస్త అటూ ఇటూగా అప్పుడే వస్తుంది. పండుమిరప సరిగ్గా ఆ చలిరోజుల్లోనే చేలో ఎర్రబడుతుంది. పండుమిరప తొక్కు అమ్మేవాళ్లని "ఈ వారం కాయ ధర ఎలా ఉంది?" అని అడగండి. ఈ వారం చేసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. వరంగల్ చపాటా మిరపకి 2025లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న భౌగోళిక గుర్తింపు, వచ్చింది. రంగు బాగా ఎరుపు, కారం తక్కువ. అది కలిపి పెట్టిన పచ్చళ్లు ఎర్రగా ఉండి నాలుక మండించవు. పిల్లలున్న ఇళ్లకు నేను అదే ఇస్తాను.

బెల్లానికి కూడా అదే కాలం. చెరకు గానుగాడేది చలికాలంలో కాబట్టి సంక్రాంతికి కొత్త బెల్లం వస్తుంది. అనకాపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు దొరికితే అక్కడ కాసేపు ఆగండి. తెల్లగా, పసుపుపచ్చగా మెరిసే బెల్లం కోసం ఎగబడకండి. ఆ తెలుపు చాలాసార్లు పాకంలో వేసిన హైడ్రోస్ అనే రసాయనం వల్ల వస్తుంది. అలాగని నల్లగా ఉంటే చాలు మంచిదే అనుకోకండి. నిలవ ఉన్న పాత బెల్లం కూడా నల్లబడుతుంది. చిన్న ముక్క నోట్లో వేసుకుని కరగనివ్వండి. చివర్లో ఉప్పదనం తగిలితే అది వద్దు. తాటిబెల్లానికి లెక్క వేరు. సున్నం పూసిన కుండల్లో నీరా దించి, పులవక ముందే కాచాలి. నీరా దిగేది చలికాలం చివరి నుంచి వేసవి దాకా. అందుకని "ఏ నెలలో గీశారు? తెల్లారి ఎన్నింటికి కాస్తారు?" అని అడగండి. తాటిబెల్లంలో చెరకు బెల్లమో పంచదారో కలపడం చాలా మామూలైపోయింది. ఈ రెండు ప్రశ్నలకు నీళ్లు నమిలితే ముందుకు నడవండి.

కాలంతో పని లేనివీ ఉన్నాయి. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు అలాంటివే. పువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ రోజుల్లో. తెల్లవారుజామున ఏరి, ఎండబెట్టి దాచుకుంటే ఏడాదంతా లడ్డూలు చేసుకోవచ్చు. నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి చేస్తారు. అక్కడ చూడాల్సింది శుభ్రం. పువ్వు నేల మీద రాలుతుంది కాబట్టి మట్టి, కేసరాలు ఓపిగ్గా తీయాలి. లడ్డూ కొరికాక పంటి కింద ఇసుక కరకరమనకపోతే, దాని వెనక ఎవరో గంటల తరబడి కూర్చుని ఏరినట్టు. ఆ లడ్డూ ధర ఎంత చెప్పినా నాకు ఎక్కువ అనిపించదు.

ధర అన్నాను కాబట్టి మూడో సంగతికి వస్తాను. ఎగ్జిబిషన్‌కి వెళ్లే ముందు ఇంట్లో చిన్న లెక్క వేసుకోండి. లీటరు గానుగ వేరుశనగ నూనెకి రెండున్నర కిలోల దాకా పల్లీలు పడతాయి. కిలో పల్లీలు 140 రూపాయలనుకుంటే గింజలకే 350 అయింది. నూనె తీశాక మిగిలే పిండిచెక్క అమ్మితే కొంత తిరిగొస్తుంది గానీ గానుగ ఖర్చు, మనిషి కూలి, సీసా, రవాణా, స్టాల్ ఖర్చు కలిపితే ఆ కొంతా అందులోనే పోతుంది. కాబట్టి ఎవరైనా 'చెక్క గానుగ నూనె' అని లీటరు 250కి ఇస్తే అది మీ అదృష్టం అనుకోకండి. నెయ్యి లెక్క ఇంకా తేలిక. ఆవుపాలలో కొవ్వు 4 శాతం అనుకుంటే లీటరుకి 40 గ్రాములు. చుక్క కూడా వృథా కాకపోతేనే కిలో నెయ్యికి 25 లీటర్లు కావాలి. మీ వీధిలో ఆవుపాల ధరతో గుణించి చూడండి, ఎగ్జిబిషన్‌లో సగం నెయ్యి డబ్బాల సంగతి అక్కడే తేలిపోతుంది.

ధర ఎక్కువగా ఉంటే మంచిదని కూడా కాదు. లెక్క కంటే తక్కువగా ఉంటే మాత్రం కచ్చితంగా అనుమానించాలి.

తేనె గురించి బాధగా రాశారు, అర్థమైంది. ముందుగా ఇంటి పరీక్షలు మర్చిపోండి. నీళ్లలో వేస్తే గ్లాసు అడుక్కి జారడం, వేలి మీద నిలవడం, వత్తికి రాసి వెలిగించడం, ఇవేవీ పనిచేయవు. చిక్కటి పంచదార పాకం కూడా అవన్నీ పాసవుతుంది. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో బయటపెట్టిన పరిశోధనలో, మన ప్రయోగశాలల పరీక్షలకే దొరక్కుండా తయారుచేసిన చక్కెర పాకాలు తేనెలో కలుస్తున్నాయని తేలింది. ప్రయోగశాలకే దొరకనిది మన గ్లాసులో ఎలా దొరుకుతుంది? గడ్డకట్టిన తేనె కల్తీ అన్నది కూడా అపోహే. మంచి తేనె చాలా వాటికి చలికి గడ్డకట్టే గుణం ఉంటుంది.

అందుకని తేనె దగ్గర మనిషినే నమ్ముకోవాలి. ఏ ఈగ తేనె, కొండల్లో పెద్ద పట్టుదా, పెట్టెల్లో పెంచినదా? ఏ పూల కాలం? పట్టు మొత్తం పిండారా, తేనె ఉన్న భాగం మాత్రమే కోసి కారనిచ్చారా? మొత్తం పిండితే పిల్ల ఈగల భాగం కూడా నలిగి తేనె త్వరగా పులుస్తుంది. తేనెటీగలకీ అది నష్టమే. 'ఎలా పాడవుతుంది' అన్న ప్రశ్న ఇక్కడ కూడా బాగా పనిచేస్తుంది. వానల్లో తీసిన తేనె పలచగా ఉంటుంది, నిలవ ఉంచితే పులిసి మూత తీయగానే బుస్సుమంటుంది అని చెప్పేవాళ్లు తేనె తీసినవాళ్లు. మన నిబంధనల్లో తేనెలో నీటి శాతం 20 దాటకూడదని ఉంది. దాటితే జరిగేది సరిగ్గా వాళ్లు చెప్పేదే. అలాంటివాళ్లు ఎవరూ దొరక్కపోతే గిరిజన సహకార సంస్థ స్టాల్ కోసం చూడండి. విశాఖ కేంద్రంగా 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటున్న సంస్థ అది.

ఇక పూతరేకులు. మీ జాబితాలో లేకపోయినా చెప్పకుండా ఉండలేను. ఎగ్జిబిషన్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే. కొన్ని స్టాళ్లలో రేకు తీయడం అక్కడే చూపిస్తారు. మంట మీద కుండ బోర్లించి ఉంటుంది. జయ రకం బియ్యాన్ని నానబెట్టి రుబ్బిన పిండి పక్కన వెడల్పాటి గిన్నెలో పాలలా పలచగా ఉంటుంది. ఆమె చేతిలో జానెడు పలచటి గుడ్డ. దాన్ని పిండిలో ముంచి, రెండు మూలలు పట్టుకుని కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తుంది. గుడ్డ పోతుంది, పిండి ఉంటుంది. రెప్ప వేసేలోగా అది పారదర్శకమైన కాగితంలా అంచుల దగ్గర లేచి నిలబడుతుంది. ఆమె దాన్ని వేళ్ల కొసలతో తీసి పక్కన పెడుతుంది, అప్పటికే గుడ్డ మళ్లీ పిండిలో ఉంటుంది. కుండ వేడి తగ్గితే రేకు అంటుకుంటుంది, పెరిగితే మాడుతుంది. చూపు మంట మీద, చెయ్యి కుండ మీద, మాట మీతో. ఆత్రేయపురంలో ఆడవాళ్లు ఇళ్లలో ఎండు కొబ్బరి మట్టల మంట పెట్టుకుని ఇలా తీస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు దక్కడానికి కారణం ఈ చేతులే.

అయితే ఒకటి తెలుసుకోండి. రేకు తీసేవాళ్లు, దాన్ని నెయ్యీ బెల్లం వేసి చుట్టేవాళ్లు చాలాసార్లు వేరు వేరు. ఇళ్లలో తీసిన రేకులను దుకాణాలు కొని చుట్టి అమ్ముతాయి. అది అక్కడి పద్ధతి, అందులో మోసం లేదు. స్టాల్‌లో రేకు మెరుపు చూసి మురిసిపోకుండా నెయ్యి వాసన చూడండి. పూతరేకు పాడయ్యేది ఎక్కువగా నెయ్యి వల్ల, చెమ్మ వల్ల. బెల్లానిది చెమ్మను ఇంకా త్వరగా పీలుస్తుంది. "ఎప్పుడు చుట్టారు?" అని అడిగి, ఆ రోజు చుట్టినవి ఉంటే అవే తీసుకోండి.

జీఐ బోర్డు గురించి కూడా ఒక మాట. బందరు లడ్డూ, అరకు కాఫీ, తాండూరు కంది, ఇలా మన దగ్గర చాలా వాటికి ఆ గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ఆ ఊరి సరుకుకి. మీ చేతిలో ఉన్న పొట్లం ఆ ఊరిదే అని బోర్డు ఒక్కటే రుజువు చేయదు. పొట్లం తిప్పి వెనక చదవండి. 'తయారుచేసినవారు' ఎవరు, 'మార్కెటింగ్' ఎవరు అన్నవి వేరుగా ఉన్నాయా? 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉంటే ఫోన్‌లో వాళ్ల సైట్‌లో కొట్టి చూడండి, ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. స్టాల్ మనిషి చెప్పిన ఊరూ అక్కడి వివరాలూ కలిస్తే సంతోషం. కలవకపోతే అదే అడగండి, కొన్నిసార్లు సరైన కారణమే ఉంటుంది. 'నిల్వ పదార్థాలు లేవు' అని ముందు పెద్ద అక్షరాల్లో, వెనక చిన్న అక్షరాల్లో ఐఎన్‌ఎస్ 211 అని ఉన్న సీసాలు నేను చాలా చూశాను. 211 అంటే సోడియం బెంజోయేట్ అనే నిల్వ పదార్థం. దాన్ని వాడటం నేరం కాదు, లేదని చెప్పడం తప్పు.

కాఫీ పొడి కొంటే చికోరీ శాతం చూడండి, కలిపితే లేబుల్ మీద రాయాలి. చిరుధాన్యాలు తెల్లగా మెరుస్తుంటే పాలిష్ పట్టినవి. పట్టనివి మబ్బుగా ఉంటాయి, తవుడులో నూనె ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కవాసన వస్తుంది. అందుకే వాటిని కొంచెం కొంచెమే కొనాలి.

రుచి చూడటంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. స్టాల్‌లో చెంచా కొసన ఇచ్చే పచ్చడిని నేరుగా నాలుక మీద వేసుకుంటాం. ఉప్పూ కారం ఒక్కసారి కొట్టేసరికి బాగుందనిపిస్తుంది. మూడో స్టాల్‌కి నాలుక మొద్దుబారిపోతుంది. నేను ఇంటి నుంచి చిన్న డబ్బాలో ఉత్త అన్నం తీసుకెళ్తాను. మెతుకులు నాలుగు చేతిలో వేసుకుని వాటితో పచ్చడి రుచి చూస్తాను. మనం రేపు ఇంట్లో తినేది అలాగే కదా. అన్నంతో కలిస్తే నూనె వాసన, మెంతి చేదు, ఆవపిండి ఘాటు విడివిడిగా తెలుస్తాయి. మొదట్లో నలుగురూ చూస్తారని మొహమాటపడ్డాను. తర్వాత తెలిసింది, వండినవాళ్లు ఆ డబ్బా చూసి సంతోషిస్తారు. "ఆగండి, ఇది కూడా చూడండి" అని బల్ల కింద దాచుకున్న సీసా తీస్తారు. పొడులకు కూడా ఇదే పద్ధతి. స్వీట్లు మాత్రం కారాలకంటే ముందు చూసేయండి.

ఎప్పుడు వెళ్లాలి? శని, ఆదివారాలు వద్దు. నుమాయిష్‌కైతే మామూలు రోజు సాయంత్రం గేట్లు తీసిన మొదటి గంటలో, సరస్‌కైతే మధ్యాహ్నం భోజనాల తర్వాత. అప్పుడు వాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది, నేను చెప్పిన ప్రశ్నలన్నిటికీ ఆ తీరిక కావాలి. రెండింటికీ తేడా కూడా తెలిసి ఉండాలి. నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై నాంపల్లికి మారింది. అక్కడ ఎక్కువ మంది వ్యాపారులు. కశ్మీర్ డ్రై ఫ్రూట్స్ తెచ్చేవాళ్లలో ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లున్నారు, వాళ్ల సరుకు వాళ్లకు బాగా తెలుసు. సరస్‌లో ఉండేది స్వయం సహాయక సంఘాల మహిళలు, చేసినవాళ్లు నేరుగా దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. అయినా అక్కడ కూడా అడగండి. ఒక్కోసారి సంఘం తరఫున వచ్చిన అమ్మాయి వేరే సభ్యురాలు చేసిన సరుకు అమ్ముతుంది. ఆ అమ్మాయి ఆ సంగతి చెప్పి, చేసిన ఆవిడకి ఫోన్ కలిపి ఇస్తే అంతకంటే ఏం కావాలి?

వీలైతే సంక్రాంతి తర్వాత జహీరాబాద్ వైపు కూడా వెళ్లిరండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు పాత పంటల జాతర చేస్తారు, ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. అది అమ్మకాల మేళా కాదు. కానీ కొర్ర, సామ, పచ్చజొన్న గింజలను పండించినవాళ్ల చేతుల్లో ఒకసారి చూస్తే, ఆ తర్వాత ఏ స్టాల్‌లోనైనా మీ కన్ను వేరుగా పనిచేస్తుంది.

సరుకు దొరికాక ఏం చేయాలన్నది మీ ప్రశ్నలో రెండో సగం. మొదటిసారి పావుకిలో మించి కొనకండి. ఇంటికి తెచ్చి నెల రోజులు వాడండి, సీసా మూత మీద తేదీ రాసుకోండి. నచ్చితే ఫోన్ చేసి "ఒక్కో వాయికి ఎంత చేస్తారు?" అని అడగండి. ఇది చాలా ముఖ్యం. వాయికి అయిదు కిలోలు చేసేవాళ్లని యాభై కిలోలు అడిగితే, మొహమాటానికి ఒప్పుకుని ఎక్కడో కొని పంపాల్సి వస్తుంది. మంచి చేతిని మనమే చెడగొట్టినట్టవుతుంది. నేను ఒకసారి ఆ తప్పు చేశాను, సకినాల విషయంలో. కరీంనగర్ వైపు ఒకావిడ బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి గుడ్డ మీద చేత్తో చుట్టేది. చుట్టు చుట్టుకీ మందం కొంచెం మారేది, కొరికితే పొడిపొడిగా విరిగేది. సంక్రాంతికి ఆమెకు మామూలుగా అందే దానికి మూడింతలు చెప్పాను. వచ్చినవాటిలో సగం గట్టిగా ఉన్నాయి. అడిగితే, "చెయ్యి సాలక పక్కింటోళ్లతో సుట్టిచ్చిన సార్" అంది. ఇప్పుడు ఆమె ఎంత అంటే అంతే తీసుకుంటాను, అయిపోతే అయిపోయాయని కస్టమర్లకి చెబుతాను.

సగం డబ్బు ముందే పంపండి. పండుమిరపైనా నువ్వులైనా వాళ్లు కొనేది రొక్కానికే. బేరం స్టాల్‌లోనూ వద్దు, ఫోన్‌లోనూ వద్దు. మీరు ఇంట్లో వేసిన లెక్కకి ధర సరిపోతే ఇచ్చేయండి. సీసా పగిలితే, నూనె కారితే ఫోటో పంపి మామూలుగా చెప్పండి. చాలామందికి ప్యాకింగ్ నేర్పినవాళ్లు ఉండరు. మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించడం ఇద్దరు ముగ్గురికి నేనే చూపించాను.

ఈ జనవరికి మీ సంచిలో పండుమిరప తొక్కు, ఉసిరికాయ, కొత్త బెల్లం, సకినాలు ఉంటే బాగుంటుంది. తాండ్ర మాత్రం ముదురు రంగుది కనిపిస్తే రుచికి ఒక ముక్క తీసుకుని, వాళ్ల నంబరు రాసుకోండి. మే నెలాఖరులో ఫోన్ చేసి "ఇప్పటికి ఎన్ని పొరలు పోశారమ్మా?" అని అడగండి. జవాబు నచ్చితే అప్పుడు ఆర్డర్ పెట్టండి.